వేగం అక్కరలేని మోటారు సైకిళ్ళు

తెలుగునాట పాఠశాలలలో చదువుకున్న వారికి స్లో సైకిలు పందెం గురించి వేరుగా చెప్పనక్కరలేదు. రిపబ్లిక్ దినోత్సవానికో, పాఠశాల వార్షికోత్సవానికో మైదానంలో సున్నపు గీతలు గీసి జరిపే ఆ పందెంలో అందరికంటె చివర గీత దాటినవాడే విజేత. కాలు నేలకు ఆనితే పందెం నుండి తొలగవలసినదే. వేగంగా తొక్కటం ఎవరికైనా వస్తుంది గాని, దాదాపు నిలిచిపోయిన సైకిలును పడకుండా నిలబెట్టటం కొద్దిమందికే చేతనవుతుందని ఆ పందెం చూసిన పిల్లలందరికీ తెలుసు. ఆ సైకిలు స్థానంలో డెబ్బయి కిలోల మోటారు సైకిలును, ఆ మైదానం స్థానంలో పాచి పట్టిన బండరాళ్ళను, వాగులను, నిట్టనిలువు గట్లను ఊహించుకుంటే, బ్రిటనులో వంద ఏళ్ళకు పైబడి సాగుతున్న 'ట్రయల్స్' అనే క్రీడ కళ్ళముందు నిలుస్తుంది.

ట్రయల్ అనగానే మనవారికి న్యాయస్థానం గుర్తుకు రావటం సహజం. ఇక్కడ విచారణకు గురయ్యేది వాహనమూ, దానిని నడిపే మనిషీ. పోటీ జరిగే దారిలో అక్కడక్కడ జెండాలతో హద్దులు గుర్తించిన చిన్న చిన్న అడ్డంకుల బాటలుంటాయి. వీటిని సెక్షన్లంటారు. ప్రతి సెక్షను దగ్గర ఒక పరిశీలకుడు నిలబడి చూస్తుంటాడు. కాలు ఆనించకుండా దాటితే సున్నా. ఒకసారి ఆనిస్తే ఒకటి, రెండుసార్లకు రెండు, అంతకు మించి ఎన్నిసార్లయినా మూడు. దాటలేక పడిపోయినా, హద్దు తప్పినా అయిదు. ఎవరి లెక్క తక్కువైతే వారిదే గెలుపు. మార్కులు తక్కువ రావాలని కోరుకునే పరీక్ష మన పిల్లలకు వింతగానే తోచవచ్చును.

స్కాట్లండులో 1909లో ఈ తరహా సుదీర్ఘ పోటీ ఒకటి మొదలయింది. 'స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్' అన్న పేరుతో ఈనాటికీ ఫోర్ట్ విలియం పట్టణం కేంద్రంగా మే నెలలో జరుగుతున్నది. ఆరు రోజులు, రోజుకు ముప్పయి సెక్షన్లు, వాటి నడుమ కొండలలో, చిత్తడి నేలలలో మైళ్ళ కొలది ప్రయాణం. అప్పట్లో దీని ఉద్దేశం వినోదం కాదు; కొత్తగా వచ్చిన మోటారు సైకిలు అనే యంత్రం కొండ దారులకు తట్టుకుంటుందా లేదా అని తేల్చుకోవటం. క్రీడకు ఆ పేరు రావటంలోనే పరీక్ష అన్న అర్థం ఉన్నది.

ఈ క్రీడలో దిగదలచిన వారికి మొదట ఎదురయ్యే చిక్కు ఏ వాహనం కొనాలన్నది. కొత్తదాని వెల ఆరేడు వేల పౌండ్లు. ఇది ఆఫీసుకు వెళ్ళటానికి పనికిరాదు. కూర్చోవటానికి సీటు సైతం ఉండదు. తప్పుగా ఎంచుకుంటే డబ్బు ఎంతపోయినా ఫరవాలేదనుకునే వారికి కూడ ఇంకొక నష్టం ఉన్నది. అదుపు తప్పి ఎగిరిపడే యంత్రం మీద నేర్చుకోబోయిన పిల్లవాడు భయపడి ఆ క్రీడనే వదిలివేస్తాడు. అందువలననే అమ్మకందారులు, క్లబ్బులు కలిసి ఏడాదిలో కొన్ని రోజులు 'టెస్ట్ డే' అని ఏర్పాటు చేస్తుంటారు. యార్క్‌షైరులోనో, వేల్సులోనో పాడుబడిన రాతి క్వారీకి వ్యానులలో పది పన్నెండు రకాల వాహనాలను తెచ్చి దించుతారు. హెల్మెట్టు, గట్టి బూట్లు తెచ్చుకుని, పేరు వ్రాయించుకుని, సంతకం పెట్టినవారు ఒకదాని తరువాత ఒకటిగా నడిపి చూడవచ్చును. యజమాని అనుమతి ఉన్న ప్రైవేటు స్థలం కనుక డ్రైవింగ్ లైసెన్సుతో పనిలేదు.

కరపత్రంలో దొరకని గుణం

టెస్ట్ డేలో ప్రతి వ్యాను దగ్గరా మెరిసే కాగితం మీద కరపత్రాలు ఇస్తారు. నాలుగు కరపత్రాలు పక్కపక్కన పెట్టి చూసినవారికి ఒక ఆశ్చర్యం కలుగుతుంది. బరువు అన్నిటిదీ డెబ్బయి కిలోలకు అటూ ఇటూ. రెండు చక్రాల నడుమ దూరం మీటరుం పావుకు కొంచెం ఎక్కువ. ముందు చక్రం 21 అంగుళాలు, వెనుకది 18. ఇటలీ బీటా అయినా, స్పెయిను గాస్ గాస్ అయినా, టీఆర్ఎస్ అయినా, ఫ్రెంచి షెర్కో అయినా అంకెలు ఇంచుమించు కవల పిల్లలవలె ఉంటాయి. కాని ఎక్కి నడిపిన మరుక్షణమే ఒకటి పెంపుడు ఆవులాగానూ, ఇంకొకటి ముకుతాడు లేని కోడెలాగానూ ప్రవర్తిస్తాయి. తేడా ఎక్కడున్నది?

దానిలో సగభాగం ఫ్లైవీలులో ఉన్నదని చెప్పవచ్చును. ఇంజను ఇరుసుకు బిగించిన ఈ బరువైన చక్రం చేసే పని తెలియాలంటే కుమ్మరి సారెను తలచుకోవాలి. కుమ్మరి కర్రతో నాలుగుసార్లు తిప్పి వదిలిన సారె, కుండ తయారయ్యేవరకు తనంతట తాను తిరుగుతూనే ఉంటుంది. తిప్పినప్పుడు ఇచ్చిన శక్తిని దాచుకుని, మట్టి అడ్డుపడినప్పుడల్లా కొంచెం కొంచెంగా వెచ్చిస్తుంది. సారె తేలికదైతే చేయి తగలగానే ఆగిపోతుంది. మోటారు సైకిలులోనూ అంతే. ఫ్లైవీలు బరువైనదైతే ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లకు దిగినా, రాయి అడ్డం వచ్చినా ఆగిపోకుండా లాగుతుంది. తేలికదైతే యాక్సిలరేటరు కాస్త తిప్పగానే ఉలిక్కిపడి లేస్తుంది. వదలగానే అంత తొందరగానూ చల్లబడుతుంది. అనుభవం గలవారికి రెండవది ఇష్టం, నేర్చుకునేవారికి మొదటిది క్షేమం.

ఒక చిన్న లెక్క చూడవచ్చును. వాహనం డెబ్బయి కిలోలు, మనిషి డెబ్బయి అయిదు కిలోలు అనుకుంటే, ఈ రెండింటినీ ఒక మీటరు ఎత్తున్న బండ మీదికి చేర్చటానికి కావలసిన శక్తి సుమారు 1,400 జౌళ్ళు. ఒక గ్రాము పెట్రోలులో దాదాపు 44,000 జౌళ్ళున్నవి. అంటే గ్రాములో ముప్పయ్యో వంతు చాలునన్నమాట. ఇంజను చేసే దుబారాను కలిపినా అర గ్రాము దాటదు. శక్తికి కొరత లేదు. చిక్కంతా దానిని విడుదల చేసే వ్యవధిలో ఉన్నది. బండ అంచుకు చక్రం తగిలిన తరువాత సెకనులో మూడోవంతు కాలంలో ఆ 1,400 జౌళ్ళూ అందాలి. నిపుణుడైన చోదకుడు ఏమి చేస్తాడంటే, క్లచ్ నొక్కిపట్టి ఇంజను వేగం పెంచి ఫ్లైవీలులో శక్తిని జమ చేస్తాడు. సరైన క్షణంలో ఒక్క వేలితో క్లచ్ వదలి ఆ నిలవనంతా వెనుక చక్రానికి ఒక్కసారిగా ఇచ్చివేస్తాడు. భ్రమణ శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక చుట్లు రెట్టింపయితే నిలవ నాలుగింతలవుతుంది. బండి కప్పలా ఎగురుతుంది. చూసేవారికి అది ఇంజను బలంగా కనిపిస్తుంది గాని, నిజానికి అది బ్యాంకులో దాచిన సొమ్మును ఒకేసారి తీయటం వంటిది.

కరపత్రాలలో ఇంజను ఘనపరిమాణం పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఫ్లైవీలు బరువు మాట ఉండదు. అందుచేత 125 సీసీ చిన్నది కనుక సులువనీ, 300 సీసీ పెద్దది కనుక ప్రమాదకరమనీ కొత్తవారు అనుకుంటారు. సగం నిజం. 125తో గట్టు ఎక్కాలంటే ఇంజనును గట్టిగా తిప్పి క్లచ్‌తో చాకచక్యం చూపాలి. మెత్తగా మలచిన 300 అయితే నిదానంగా, ఎద్దుబండిలా ఎక్కిపోతుంది. బీటా కంపెనీ బరువైన ఫ్లైవీలు, మృదువైన స్వభావం గల 300 రకాన్ని 'సూపర్ స్మూత్' పేరుతో ప్రత్యేకంగా తయారుచేయటంలోని రహస్యం ఇదే. పెద్దవయసులో మొదలుపెట్టే మనవాళ్ళు టెస్ట్ డేలో తప్పక ఎక్కి చూడవలసినది ఇటువంటి వాహనం. పదహారేళ్ళ పిల్లవాడు దానిని చప్పగా ఉన్నదని పెదవి విరిస్తే అది అతని వయసు ధర్మం.

బుల్లెట్టు కథ

ఈ పరీక్షల చరిత్రలో మనకు సన్నిహితమైన పేరు ఒకటున్నది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి ట్రయల్స్ వాహనాలకు వెనుక చక్రం దగ్గర స్ప్రింగులుండేవి కావు. స్ప్రింగులుంటే చక్రం నేలను వదలి ఎగురుతుందనీ, పట్టు పోతుందనీ ఆనాటి చోదకుల నమ్మకం. 1948లో ఇంగ్లండులో జరిగిన కోల్మోర్ కప్ ట్రయల్‌కు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ వెనుక భాగంలో స్వింగింగ్ ఆర్మ్, స్ప్రింగులు అమర్చిన 350 సీసీ నమూనా వాహనాలను పంపింది. వాటి పేరు బుల్లెట్. నమ్మకం ఒకటి, రాళ్ళ మీద రుజువైనది మరొకటి. స్ప్రింగు చక్రాన్ని ఎగరనివ్వకపోగా గతుకు గతుకుకూ నేలకు అదిమిపట్టింది. జానీ బ్రిటన్ అనే చోదకుడు బుల్లెట్ మీద 1952లోనూ, మళ్ళీ 1957లోనూ స్కాటిష్ ఆరు రోజుల పోటీ గెలిచాడు. ఈలోగా 1955లో మద్రాసులో ఆ బుల్లెట్టు తయారీ మొదలయింది. తెలుగు జిల్లాల రోడ్ల మీద డుగుడుగుమంటూ తిరిగిన ఆ వాహనం వెనుక స్ప్రింగులు మొదట అగ్నిపరీక్షకు నిలిచినవి ఇంగ్లండు బురదలో.

బుల్లెట్టు తరం వాహనాలు బరువైనవి. వాటి యుగాన్ని ముగించినది కూడ ఒకవిధమైన టెస్ట్ డేయే అనాలి. బెల్‌ఫాస్టుకు చెందిన సామీ మిల్లర్ ఏరియల్ కంపెనీ 500 సీసీ ఫోర్ స్ట్రోక్ వాహనాన్ని ఏళ్ళ తరబడి చెక్కి, మార్చి, బరువు తగ్గించి దాదాపు 111 కిలోలకు తెచ్చాడు. 1964లో దానిమీదనే స్కాటిష్ పోటీ గెలిచాడు. అదే ఏడాది చివర స్పెయిను వెళ్ళి బుల్టాకో కంపెనీవారి తేలికపాటి టూ స్ట్రోక్ వాహనం మీద పనిచేశాడు. కొండవాలుల మీద రోజంతా నడపటం, సాయంత్రం కార్ఖానాలో మార్చటం, మరునాడు మళ్ళీ నడపటం. ఆ విధంగా రూపుదిద్దుకున్న 'షెర్పా' బరువు తొంభై కిలోల చుట్టుపక్కల. 1965లో మిల్లర్ దానిమీద స్కాటిష్ పోటీ గెలవటంతో బ్రిటిషు పెద్ద ఇంజన్ల వైభవం అస్తమించింది. హాంప్‌షైరులోని న్యూ మిల్టన్‌లో ఆయన స్థాపించిన మోటారు సైకిళ్ళ ప్రదర్శనశాల ఉన్నది. సెలవులలో పిల్లలతో ఆ వైపు వెళ్ళేవారు చూడదగినది.

రబ్బరు రసాయనం

ఇంజనుకు ఎంత బలమున్నా దానిని నేలకు చేర్చేది టైరు. మిగిలిన క్రీడలలో టైరు గట్టిగా గాలి నింపుకుని ఉంటుంది. ట్రయల్స్ వెనుక టైరులో చదరపు అంగుళానికి నాలుగైదు పౌనుల ఒత్తిడి మాత్రమే ఉంచుతారు. కారు టైరులో ముప్పయి రెండు వరకు ఉంటుందన్న సంగతి గుర్తు చేసుకుంటే తేడా తెలుస్తుంది. బొటనవేలితో నొక్కితే సొట్టపడేటంత మెత్తన. ఒత్తిడి ఏడవ వంతుకు తగ్గితే నేలను తాకే వైశాల్యం లెక్క ప్రకారం ఏడింతలు కావాలి. టైరు గోడలకు తమ బిగువు కొంత ఉండటం వలన అంత పెరగదు గాని, బండ అంచును పిడికిలితో పట్టుకున్నట్లు చుట్టుకోవటానికి చాలినంత పెరుగుతుంది.

రబ్బరు రాతిని పట్టుకోవటం రెండు విధాలుగా జరుగుతుంది. మొదటిది అణువుల మధ్య ఆకర్షణ. రబ్బరు పొడవైన గొలుసుల వంటి అణువుల సముదాయం. గంధకంతో అక్కడక్కడ ముడులు వేయబడి ఉంటుంది. ఆ గొలుసులు రాతి ఉపరితలానికి మిక్కిలి చేరువగా వచ్చినప్పుడు బలహీనమైన ఆకర్షణలు కోట్ల సంఖ్యలో కలిసి బలమైన పట్టు అవుతాయి. రెండవది రబ్బరు సోమరితనం. రాతి మీది గరుకుకు రబ్బరు సొట్టపడి, గరుకు దాటిన తరువాత తక్షణమే పూర్వరూపానికి రాదు. కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుంటూ నెమ్మదిగా వస్తుంది. ఈ ఆలస్యమే జారుడుకు అడ్డుకట్ట. రాయి తడిసినదంటే మొదటి పట్టు దాదాపు పోయినట్లే. నీటి పొర అణువులను దరిచేరనివ్వదు. మిగిలేది రెండవదే. అందుకే ట్రయల్స్ టైర్ల రబ్బరును మెత్తగా, సోమరిగా ఉండేలా వండుతారు. ఆ మెత్తదనానికి మూల్యం ఆయుష్షు. తారురోడ్డు మీద నాలుగు రోజులు నడిపితే టైరు అంచులు గుండ్రపడి పనికిరాకుండా పోతాయి.

చలి పెరిగిన కొద్దీ అణువుల గొలుసుల కదలిక మందగించి రబ్బరు బిరుసెక్కుతుంది. ఎండ, ఓజోను, ఆక్సిజను కలిసి ఏళ్ళు గడిచిన టైరునూ అలాగే బిరుసు చేస్తాయి. టెస్ట్ డేకు వచ్చేవారికి ఇందువలన ఒక ఉపయోగం ఉన్నది. ఒక వాహనం జారుతున్నదీ, మరొకటి జారటం లేదూ అనిపించినప్పుడు వాహనాలను నిందించే ముందు టైర్ల వయసూ, గాలీ చూడాలి. రెండు పౌనుల ఒత్తిడి తేడా రెండు కంపెనీల తేడా కంటె ఎక్కువ. గాలి కొలిచే చిన్న గేజి వెంట తీసుకువెళ్ళినవాడు ఆ రోజున అందరికంటె తెలివైనవాడు.

పరీక్షను పరీక్షించటం

ఇది ప్రయోగశాల పని వంటిదే. ప్రయోగంలో ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి మిగిలినవన్నీ స్థిరంగా ఉంచాలని రసాయన విద్యార్థికి మొదటి ఏడే చెబుతారు. టెస్ట్ డేలో వాహనం మాత్రం మారాలి. బాట, గాలి ఒత్తిడి, హ్యాండిలు బారు వంపు, క్లచ్ లీవరు దూరం ఒకేలాగ ఉండాలి. ఆచరణలో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. ఉత్సాహం కొద్దీ ఒక వాహనాన్ని గట్టు మీద, ఇంకొకదానిని వాగులో, మూడవదానిని గడ్డి మీద నడిపి తీర్పు చెబుతుంటారు.

పైగా బాట స్థిరంగా ఉండదు. ఉదయం తొమ్మిదింటికి పచ్చగడ్డితో ఉన్న వాలు, యాభైమంది ఎక్కి దిగిన తరువాత మధ్యాహ్నానికి నున్నటి బురద అవుతుంది. చివర ఎక్కిన వాహనానికి ఆ పాపం చుట్టుకుంటుంది. మనిషీ స్థిరంగా ఉండడు. మొదటి గంటలో బిగుసుకుని ఉంటాడు; తరువాత చేయి కుదురుతుంది; భోజనం తరువాత మోచేతులు నొప్పి పుడతాయి. ఆవకాయ జాడీలు నాలుగు వరుసగా రుచి చూసేవారికి మొదటిదాని కారం నాలుక మీద ఉండగా రెండవదాని రుచి సరిగా తెలియదు, ఇదీ అంతే. దీనికి విరుగుడు సులభమైనది. అలవాటైన వాహనముంటే దానితో మొదలుపెట్టి, కొత్తవాటిని నడిపి, చివరకు మళ్ళీ మొదటిదానికే రావాలి. మొదట మొద్దుగా తోచినది చివర సుకుమారంగా తోచిందంటే మారినది యంత్రం కాదని తెలుస్తుంది. నడిపేటప్పుడు వెంట వచ్చినవారు ఎన్నిసార్లు కాలు మోపాడో ఒక కాగితం మీద గుర్తు పెడితే మరీ మంచిది. మనిషి తనకు నచ్చిన రంగు వాహనం మీద మోపిన కాళ్ళను మరచిపోతాడు, కాగితం మరచిపోదు.

ఒక సూక్ష్మం ఇక్కడే చెప్పాలి. వేగంగా పోయే సైకిలు తనంతట తాను నిలబడటానికి తిరిగే చక్రాల గైరోస్కోపు ప్రభావమే కారణమని చాలాకాలం పాఠ్యపుస్తకాలలో వ్రాశారు. 2011లో అమెరికా, నెదర్లాండ్స్ పరిశోధకులు ఆ ప్రభావాన్ని రద్దుచేసిన ఒక చిన్న సైకిలును తయారుచేసి, అది కూడ పడకుండా పోతుందని 'సైన్స్' పత్రికలో నిరూపించారు. బరువు ఏ విధంగా అమరి ఉన్నదనేది కూడ ముఖ్యమన్నమాట. నడక వేగంలో అయితే ఈ సహజ నిలకడ ఏదీ మిగలదు. మోకాళ్ళు, నడుము, హ్యాండిలు అన్నీ మనిషే కదిలించాలి. అందుకే ఫుట్‌రెస్టులు రెండు సెంటీమీటర్లు ముందుకు జరిగినా వాహనం మొత్తం మారినట్లుంటుంది. ఆరడుగుల మనిషికి అమృతమైనది అయిదడుగుల మనిషికి విషం కావచ్చును. పొరుగువాని సలహా మీద కొనటంలోని పొరపాటు ఇదే.

పొగా, నిశ్శబ్దమూ

ఈనాటి టెస్ట్ డేలలో వాదమంతా మూడు రకాల చుట్టూ తిరుగుతుంది. టూ స్ట్రోక్ తేలిక, సరళం. ఇరుసు తిరిగిన ప్రతి చుట్టుకూ ఒక పేలుడు. కాని సిలిండరులోకి వచ్చే కొత్త మిశ్రమం, బయటకు పోయే పొగ ఒకే సమయంలో దారి ఇచ్చిపుచ్చుకోవటం వలన పెట్రోలులో కొంత భాగం మండకుండానే బయటపడుతుంది. దానిలో కలిపిన నూనె నీలిపొగ అవుతుంది. హైదరాబాదు, విజయవాడల వీధులలో పాత ఆటోల వెనుక నిలబడినవారికి ఈ పాఠం ముక్కుకు తెలుసు. ఒకప్పుడు పందెపు ఇంజన్లలో వాడినది మన ఆముదమే; దాని అణువులోని హైడ్రాక్సిల్ సమూహం వలన వేడి లోహాన్ని వదలకుండా అంటుకునేది. ఈనాడు కృత్రిమ ఎస్టరు నూనెలు ఆ పని చేస్తున్నవి. వాసన మాత్రం పోయింది.

ఫోర్ స్ట్రోక్ ఇంజను కొంచెం బరువు, ఖరీదు. పట్టు మాత్రం మెత్తన. హోండా ఆధీనంలోని మోంటెసా 2005లో ఇంధనాన్ని ఇంజెక్షను ద్వారా ఇచ్చే ఫోర్ స్ట్రోక్ వాహనాన్ని తెచ్చింది. 2007 నుండి 2024 వరకు ఏ ఒక్క ఏడూ తప్పకుండా ఆరుబయటి, ఇండోరు ప్రపంచ విజేత పదవులు రెండూ గెలిచిన టోనీ బౌ నడిపినది మోంటెసాయే. అయినా టెస్ట్ డేలలో ఎక్కువమంది వరుసకట్టేది టూ స్ట్రోకుల దగ్గరే. చాంపియను వాహనం చాంపియనుకు పనికివస్తుంది.

బ్రిటనులో 2021 సెప్టెంబరు నుండి సాధారణ పెట్రోలులో పది శాతం వరకు ఇథనాలు కలుపుతున్నారు. ఇథనాలుకు నీటిమీద ప్రీతి ఎక్కువ. ఆదివారం నడిపి నెలరోజులు షెడ్డులో ఉంచే ట్రయల్స్ వాహనాలలో అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ హద్దు మీరితే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి. కార్బొరేటరు మొదట తాగేది ఆ అడుగునే. షెడ్డులో పెట్టే ముందు టాంకు ఖాళీ చేయటమో, ఇథనాలు తక్కువగా ఉండే సూపరు రకం పోయటమో మేలు.

మూడవది విద్యుత్తు. ఒక కిలో పెట్రోలులో పన్నెండు కిలోవాట్ అవర్ల శక్తి ఉంటే ఒక కిలో లిథియం అయాన్ బ్యాటరీలో అందులో యాభయ్యో, అరవయ్యో వంతు మాత్రమే ఉంటుంది. ఈ అంకె చూసి విద్యుత్ వాహనం పని అయిపోయినదని తీర్పు ఇవ్వటం తొందరపాటు. ట్రయల్స్ వాహనం టాంకులో పట్టేది రెండున్నర లీటర్లు, అంటే సుమారు 22 కిలోవాట్ అవర్లు. సన్నగా తిప్పిన యాక్సిలరేటరు మీద నడిచే ఇంజను ఇందులో పదోవంతును మాత్రమే పనిగా మార్చగలదనుకుంటే చక్రానికి చేరేది రెండుకు కొంచెం పైగా. రెండున్నర కిలోవాట్ అవర్ల బ్యాటరీ కూడ చక్రానికి అంతే ఇవ్వగలదు. దూర ప్రయాణాలలో బ్యాటరీని ఓడించే పెట్రోలు ఈ నడక వేగపు క్రీడలో తన ఆధిక్యాన్ని దుబారా చేసుకుంటున్నది. చలిలో బ్యాటరీ కొంత నీరసిస్తుంది. స్కాటిష్ పోటీలాగ రోజంతా కొండలెక్కే ప్రయాణానికి ఇంకా చాలదు. క్లబ్బు పోటీకి చాలును.

ఫ్రెంచి కంపెనీ ఎలక్ట్రిక్ మోషన్ ఈ దారిలో ముందు నడచినది. 2017లో అంతర్జాతీయ సమాఖ్య విద్యుత్ ట్రయల్స్ కప్పును ప్రారంభించింది. 2018లో జపాను చోదకుడు కెనిచి కురొయామా యమహా వాహనం మీద అందులో రెండవ స్థానం పొందాడు. హోండా వాహనం మీద మాజీ ప్రపంచ విజేత తకహిసా ఫుజినామి 2024లో జపాను జాతీయ పోటీలలో పెట్రోలు వాహనాల నడుమకే దిగాడు. మొదటి విద్యుత్ వాహనాలకు క్లచ్ లేదు. మోటారు సున్నా వేగం నుండే పూర్తి బలం ఇస్తుంది కదా, క్లచ్ ఎందుకని అనుకున్నారు. నడిపినవారికి లోటు తెలిసింది. నిలవ చేసి ఒక్కసారిగా వదిలే ఆ సారె లేదు. తరువాతి నమూనాలలో తిరిగే బరువు, క్లచ్ రెండూ వచ్చి చేరినవి. కరపత్రం చూసి ఎవరూ అడగని ఈ మార్పును రాళ్ళ మీద నడిపినవారు అడిగి సాధించారు.

ఇంకొక లోటు చెవికి సంబంధించినది. పెట్రోలు ఇంజను ధ్వని స్థాయిని బట్టి చోదకుడు వేగాన్ని గ్రహిస్తాడు. తంబురా శ్రుతి గాయకునికెలాగో ఇదీ అలాగే. విద్యుత్ వాహనంలో ఆ శ్రుతి లేదు. మొదటి పావుగంట చాలామంది తడబడతారు. ఆ పావుగంటలోనే ఇది తనకు పడదని దిగిపోయేవారు తొందరపడుతున్నారనే చెప్పాలి. ఎందుకంటే ఈ నిశ్శబ్దం మీద క్రీడ భవిష్యత్తు చాలావరకు ఆధారపడి ఉన్నది. ట్రయల్స్ జరిగేది రైతుల పొలాలలో, ఎస్టేటు అడవులలో. పక్క ఊరివారు మోత గురించి ఫిర్యాదు చేస్తే రైతు మరుసటి ఏడు గేటు మూసివేస్తాడు. గేటు మూతపడితే ఎంత మంచి ఇంజనయినా షెడ్డులోనే.

పిల్లల విషయంలో నిశ్శబ్దం ఇప్పటికే గెలిచింది. 2004లో ఇంగ్లండులో ఇయాన్ స్మిత్ అనే తండ్రి తన చిన్న కుమారుని కోసం తయారుచేసిన విద్యుత్ వాహనం 'ఓసెట్' కంపెనీగా పెరిగింది. 2022లో ట్రయంఫ్ కంపెనీ దానిని కొనుగోలు చేసింది. బరువు తక్కువ, కాలే సైలెన్సరు లేదు, వేగాన్నీ చురుకునూ పెద్దలు చిన్న మరతో తగ్గించి ఉంచవచ్చును. టెస్ట్ డేలో చెట్ల కింద తాడు కట్టిన చోట చిన్నపిల్లలు వీటిమీద గుండ్రంగా తిరుగుతుంటారు. సైకిలు తొక్కటం వచ్చిన పిల్లవాడైతే ఐదు నిమిషాలలో అలవాటుపడతాడు. మొదట చురుకును కనిష్ఠంలో ఉంచమని తల్లిదండ్రులు అడగాలి. క్వారీలలో కరెంటు ఉండదు కనుక వ్యాను వెనుక ఒక పెట్రోలు జనరేటరు గురగురమంటూ ఈ బ్యాటరీలను ఛార్జి చేస్తుండటం కూడ కనిపిస్తుంది.

ఆ రోజు నడిపిన వాహనాలనే సీజను చివర అమ్మకందారులు తగ్గింపు ధరకు ఇస్తుంటారు. కొనేముందు వెనుక చక్రపు రిమ్ము వేలితో చుట్టూ తడిమి సొట్టలు చూడాలి. ఇంజను కిందిపళ్ళెం మీద గీతలు సహజం, పగుళ్ళు కావు. చల్లగా ఉన్న ఇంజను మీద క్లచ్ పట్టి గేరు వేసినప్పుడు బండి ముందుకు ఎగబాకుతున్నదేమో గమనించాలి. విద్యుత్ వాహనమైతే బ్యాటరీ వారంటీ ఎన్నాళ్ళు మిగిలి ఉన్నదో కాగితం మీద వ్రాయించుకోవటం మంచిది.